పెట్టెమీద అరవై ఆరు

తొంభైల నడుమ మా తెనాలి సంఘానికి చిన్న అచ్చుగది ఉండేది. నెలపత్రిక, పాటల పుస్తకం, శుభలేఖలు నేనే కంపోజ్ చేసేదాన్ని. శనివారం సాయంత్రం అదే గదిలో ఆదివార బడి పిల్లలకు కంప్యూటర్ మీద బైబిలు వాక్యాల క్విజ్ పెట్టేదాన్ని. మా దగ్గరున్నది గుంటూరులో కొన్న ఫోర్ ఎయిటీ సిక్స్, ముప్పై మూడు వేగం. పాటల పుస్తకం తెరిస్తే తెరమీద ఇసుక గడియారం బొమ్మ కదిలేది కాదు.

బాపట్లలో టీవీలు బాగుచేసే సహోదరుడొకడు ప్రతి ఆదివారం రైల్లో మా ఆరాధనకు వచ్చేవాడు. మద్రాసు నుంచి సామాన్లు తెచ్చి కంప్యూటర్లు కూడా బిగించేవాడు. సంఘానికి తాను అరవై ఆరు వేగం చిప్‌తో ఒకటి బిగించి ఇస్తానని, పాతదానికి దాదాపు రెట్టింపు పని చేస్తుందని సంఘం ముందు నిలబడి చెప్పాడు. చిప్‌మీద అంకె చెరిపి పెద్ద అంకె అచ్చువేసి అమ్ముతున్నారని అప్పట్లో ఒక పుకారు. కొందరు గొణిగారు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నారు సంఘ పెద్ద.

ఇది చిన్న సంగతి కాదు. మా సంఘంలో అబద్ధమాడాడని తేలినవాణ్ణి ప్రభువు బల్లకు దూరంగా ఉంచుతారు. నెల మొదటి ఆదివారం, బల్ల ఇచ్చే రోజున, అతను వెనక వరసలో కూర్చుని, రొట్టె పళ్ళెం వస్తే తాను ముట్టకుండా పక్కవాళ్ళకు అందించాలి. తప్పు ఒప్పుకునేదాకా అంతే.

శుక్రవారం బాపట్ల సహోదరుడు కొత్త పెట్టె దింపి వెళ్ళాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పదిమందిమి అచ్చుగదిలో చేరాం. పెద్దాయన ప్రార్థన చేసి చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టారు. రెండింటిలోనూ అదే పాటల పుస్తకం తెరిచి, మొత్తం అక్షరాల సైజు మార్చాను. పాతది రెండున్నర నిమిషాల్లో ముగించింది. కొత్తదానికి నాలుగు నిమిషాలు పట్టింది. దాని ముందు పలకమీద ఎర్రగా అరవై ఆరు వెలుగుతూనే ఉంది.

"ఒకసారి దగ్గరికొచ్చి చూస్తానండి," అన్నాడతను తలుపు దగ్గర నుంచి.

"చెయ్యి పెట్టకు తమ్ముడూ," అన్నారు పెద్దాయన. "ఆ నంబరు ఎవరు పెట్టారు?"

"నేనేనండి. అది వేగం కొలిచేది కాదండి. వెనక పిన్నులు మార్చి పెట్టుకుంటాం."

"అయితే తొంభై తొమ్మిది పెట్టకపోయావా," అన్నారెవరో. నవ్వారు. నేనూ నవ్వాను.

"చిప్ తీసి చూపిస్తానండి."

"దానిమీద నంబరు కూడా అట్టాగే పెట్టావా?" అని పెద్దాయన నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

"కొత్తదే స్లోగా ఉందయ్యగారూ," అన్నాను. కళ్ళతో చూసిందే చెప్పాననుకున్నాను.

పెద్దాయన దొంగ తూకపు రాళ్ళ గురించిన వాక్యం చదివి వినిపించారు. అతను తలవంచుకుని రైలుకు వెళ్ళిపోయాడు. పెట్టెమీద గుడ్డ కప్పేశాం.

మరుసటి శనివారం పిల్లలు కొత్తదాని మీదే క్విజ్ కావాలని పేచీ పెట్టారు. పాత ప్రోగ్రాము కదా, కొత్త చిప్ పూర్తి వేగంలో ఉంటే ప్రశ్న చదివేలోపే మాయమైపోతుంది. నెమ్మది చేయడానికి టర్బో బటన్ వైపు వేలు చాచాను. బటన్ అప్పటికే బయటికి, అంటే నెమ్మది వైపే, ఉంది. శుక్రవారం అతను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "పిల్లల ఆటకి ఇది నొక్కక్కా, నెమ్మదిస్తుంది. అయ్యాక మళ్ళీ నొక్కాలి, మర్చిపోకు." కిందటి శనివారం నొక్కింది నేనే. మర్చిపోయిందీ నేనే.

పిల్లల్ని పంపేసి, బటన్ లోపలికి నొక్కి పాటల పుస్తకం మార్చి చూశాను. ఒకటిన్నర నిమిషం కూడా పట్టలేదు.

బల్ల ఆదివారం నాడు చెప్దామనుకున్నాను. అతను వెనక వరసలో కూర్చుని పళ్ళెం పక్కకు అందించాడు. నేను నా రొట్టె తీసుకున్నాను. ఆ తర్వాతి నెలా అంతే. మూడో నెల అతను రాలేదు. బాపట్లలో విశ్వాసుల ఇళ్ళవాళ్ళు అతనికి టీవీ ఇవ్వడం మానేశారనీ, కొట్టు మూసి రేపల్లె ఐస్ ఫ్యాక్టరీలో మోటార్లు చూసుకుంటున్నాడనీ తెలిసింది.

రేపల్లె వెళ్ళాను. తడి గోనెల పక్కన నిలబడి అంతా చెప్పాను.

"రైలెక్కాక నాకూ తట్టిందక్కా. తిరిగొచ్చి చెప్తే సాకంటారు," అన్నాడు. చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "సంఘంలో చెప్పావా?" అని అడిగాడు.

"ఇంకా లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావక్కా? నాకు తెలుసుగా, నేను అబద్ధమాడలేదని."

తర్వాతి బల్ల ఆదివారం ముసుగు సర్దుకుని లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ప్రార్థన చేద్దాం," అన్నారు పెద్దాయన. ఆ సహోదరుణ్ణి రమ్మని ఉత్తరం రాయించారు. అతను రాలేదు, ఆ తర్వాతెప్పుడూ రాలేదు.

ప్రభువు నన్ను క్షమించాడనే నమ్ముతాను. కానీ ఆ రోజు పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు ముట్టకుండా పక్కామెకు అందించాను. నన్ను బల్లకు దూరంగా ఉండమని ఒక్కరూ అనలేదు.