ఉత్త వణుకు

కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక బల్ల దగ్గర కూర్చునే ఆయనను అందరూ స్క్రూల బాబాయి అంటారు. ఆవగింజంత స్క్రూలను ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. పెళ్ళి మాటెత్తిన వాళ్ళందరితో ‘చూద్దాంలే’ అంటూ వచ్చాడు. చూస్తూండగానే జుట్టు నెరిసింది. రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఏళ్ళ తరబడి ఆయన్ను వదలనిదల్లా షుగరొక్కటే. పొద్దున్నే పొట్టకు ఇన్సులిన్ సూది వేసుకుని, తిని, పనికొస్తాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటులా, ఆ షుగరుకు తోడు చేతుల వణుకు వచ్చిపడింది. షుగరు డాక్టరు చూసి, “ఇది నరాల వాళ్ళది” అన్నాడు. నరాల డాక్టరు తలకాయకు ఫొటోలు తీయించి, వేలితో ముక్కు ముట్టించి, గీత మీద నడిపించి, “అంతా బాగానే ఉంది, షుగరు వల్లేమో” అన్నాడు. అంతా బాగుంటే వణికేదేమిటని మనసులోనే అనుకుంటూ బాబాయి చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాడు. పేరున్న జబ్బయితే పదిమందితో చెప్పుకోవచ్చు. పేరు లేని జబ్బు చెప్పుకుంటే వేషాలనుకుంటారు. అందుకని మణికట్లు బల్ల అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి స్క్రూలు బిగించడం నేర్చుకున్నాడు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. షుగరు మరీ పడిపోయినా ముందు వణికేది చేతులే. అప్పుడు వెంటనే నోట్లో తీపి పడాలి, లేకపోతే స్పృహ తప్పుతుంది. కానీ రోజంతా వణికే చేతుల్లో ఏ వణుకు ఏదో ఎలా తెలుస్తుంది?

దుకాణంలో వాళ్ళు మరీ మంచివాళ్ళు. చిక్కంతా అక్కడే వచ్చింది. బాబాయి చెయ్యి వణికితే చాలు, కౌంటర్లో అమ్మాయి చాక్లెట్ తెచ్చేది. ఓనరు పంచదార కలిపిన నీళ్ళు పంపేవాడు. కాదంటే బాధపడతారని బాబాయి మింగేవాడు. చివరికి షుగరు ఆకాశాన్నంటింది. డాక్టరు చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. ఆ కోపమంతా మర్నాడు, నిండా జనం ఉండగా, పాపం ఆ అమ్మాయి మీద పడింది.

“నా చేతుల సంగతి నేను చూసుకుంటానమ్మా. వణికితే వణకనీ. ఇకమీదట ఎవరూ ఇటు చూడొద్దు.”

చూడొద్దంటే నిజంగానే చూడటం మానేశారు. ఆయన టీ గ్లాసు ఎత్తితే గోడ గడియారం చూసేవాళ్ళు. స్క్రూ జారిపడితే చెవులు లేనట్టు ఉండేవాళ్ళు. బాబాయి కోరుకున్నది అదే. అయినా, వెనక గదిలో గోడవైపు తిరిగి ఒంటరిగా అన్నం తింటుంటే, తనను బతికుండగానే లెక్కలోంచి తీసేసినట్టు అనిపించేది. వద్దన్న నోటితో మళ్ళీ రమ్మనడానికి మొహమాటం అడ్డొచ్చేది.

ఒకరోజు గిరాకీ ఎక్కువై భోజనం వేళ దాటిపోయింది. ఒక ముసలావిడ జోడుకు కొత్త కాడ బిగిస్తుంటే చేతులు వణికాయి. ఎప్పటి వణుకే అనుకున్నాడు. తరవాత చొక్కా వీపుకు అంటుకుపోయింది, ఎదుటి గోడ మీది కంటి పరీక్ష బోర్డులో అక్షరాలు చెదిరాయి. పంచదార అనబోయాడు, నాలుక తిరగలేదు. కౌంటర్ వైపు చూశాడు. ఆ అమ్మాయి ఆయన చేతులు చూసింది, మర్యాదగా తల తిప్పుకుంది.

మిగిలిన ఓపికంతా కూడగట్టుకుని స్క్రూల పళ్ళెం తోసేశాడు. అది ఖణేల్మంది. అమ్మాయి పరుగున వచ్చింది. వచ్చి, ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని ముఖం వైపు చూడకుండా, వంగి ఒక్కో స్క్రూ ఏరింది. ఏరి పళ్ళెం బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ క్షణంలో ఆయనకు కలిగిన భయం చావుభయం ఒక్కటే కాదు. ఇంతమందిలో, తన మాట మన్నించినందువల్లే, ఎవరికీ తెలియకుండా పోతానన్న భయం.

జోడు లేక ఏదీ కనపడని ముసలావిడ విసుగెత్తి, తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. జోడుకు బదులు ఆయన చెయ్యి దొరికింది.

“ఇదేంటి నాయనా, ఇంత చల్లగా ఉంది? చెమటతో తడిసిపోయావు. ఎవరమ్మా అక్కడ, ఇతన్ని చూడండి.”

పంచదార నీళ్ళు గొంతు దిగి, లోకం మళ్ళీ కుదురుకునేసరికి అమ్మాయి ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది.

“చూడొద్దన్నారుగా బాబాయిగారూ.”

“అన్నాను తల్లీ, తప్పు నాదే.”

మర్నాడు స్క్రూ బిగిస్తుండగా చేతులు వణికాయి. అమ్మాయి అలవాటుగా తల తిప్పబోయింది.

“ఇటు చూడు. చేతులు కాదు, ముఖం చూడు. చెమట పట్టిందా?”

“లేదండీ.”

“మాట తడబడుతోందా?”

“లేదు. శుభ్రంగా తిడుతున్నట్టే ఉంది.”

“అయితే ఇది ఉత్త వణుకు. తీపి వద్దు. చెమట పడితే మాత్రం నన్నడక్కుండా పంచదార నీళ్ళు నోట్లో పొయ్యి.”

అమ్మాయి తలూపింది. ఆ పాఠం ఓనరుకూ అప్పజెప్పింది. బాబాయికి చాలా రోజుల తరవాత గుండె తేలికపడింది. సాయంత్రం షట్టరు దించుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది.

“మరి ఇంట్లో ముఖం ఎవరు చూస్తారు బాబాయిగారూ?”

“చూద్దాంలే” అన్నాడు బాబాయి. అని, ఆ షట్టరు పూర్తిగా దిగేదాకా అక్కడే నిలబడ్డాడు.