ముందు లేచినదాన్ని

ఏడో తరగతి పాసైన నన్ను సంగారెడ్డి హైస్కూలుకు పంపాలని మా బాపు అనుకున్నప్పుడు ఊళ్లో తలా ఒక మాట అన్నారు. అరవైల నాటి సంగతి. పటాన్‌చెరు పక్కన చిన్న ఊరు మాది, జొన్న, కంది వేసుకు బతికే కుటుంబం. ఆడపిల్ల బొంబాయి రోడ్డు మీద బస్సెక్కి రోజూ అంత దూరం పోయి రావడమేమిటని మా పెద్దబాపు అడిగాడు. బాపు వాదించలేదు. మొదటి రోజు తానే నాతో బస్సెక్కి బడి గేటు దాకా వచ్చాడు. సాయంత్రం వరకు బస్టాండులో కూర్చుని, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మర్నాటి నుంచి ఒక్కదాన్నే పోయాను.

ఆ బడిలో మగపిల్లలే ఎక్కువ. అన్ని తరగతులూ కలిపినా ఆడపిల్లలం ఒక్క గదిలో పట్టేంతమందిమే. తాగునీటి బావి ఆటల మైదానానికి అవతల ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే మైదానమంతా మగపిల్లలతో నిండిపోయేది. దాన్ని దాటి పోవాలంటే ఈలలు, నవ్వులు. అందుకని ఆడపిల్లలు పొద్దున ఇంట్లో తాగిన నీళ్లతోనే సాయంత్రం దాకా గడిపేవాళ్లు. అది కష్టమని ఎవరూ అనుకునేవాళ్లు కూడా కాదు, బడి అంటే అంతే అన్నట్టుండేవాళ్లు. వేసవి మొదలైన రోజుల్లో మా తరగతి అమ్మాయి ఒకతె పాఠం మధ్యలో కళ్లు తిరిగి బల్ల మీదకు వాలిపోయింది.

మర్నాడు నేను గ్లాసు పట్టుకుని మైదానం నడిమధ్య నుంచి నడిచాను. కావాలనే పక్కగా పోలేదు. ఎవడో నా కాళ్ల దగ్గరికి బంతి తన్నాడు. బావి దగ్గర చేద లాగి, కడుపునిండా తాగి, అదే దారిన వెనక్కి వచ్చాను. ఆ రోజు నాకు నేను చాలా పెద్దదాన్ననిపించింది. ఇక అందరూ నా వెంట వస్తారనుకున్నాను. ఒక్కరూ రాలేదు. పైగా నాకు మొగరాయుడని పేరు పెట్టి, నా పక్కన కూర్చోవడానికి వెనకాడసాగారు. కళ్లు తిరిగి పడిన అమ్మాయి మళ్లీ అలాగే ఎండిన పెదాలతో కూర్చునేది.

ఇదంతా మా లెక్కల టీచరమ్మ చూస్తూనే ఉంది. సంగారెడ్డిలోనే పుట్టి పెరిగిన మనిషి, గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఒకనాడు నన్ను వరండాలో ఆపింది.

"నువ్వొక్కదానివి పోయి తాగొచ్చినవ్, బాగనే ఉంది. నాతోని రమ్మని ఎవరినన్న అడిగినవా?"

"అడిగేదేముంది టీచర్? బాయి ఏడున్నదో వాళ్లకు ఎర్కలేదా?" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "అడుగు. అందరికంటె ఎక్కువ భయపడేదాన్ని మొదలు అడుగు," అని తరగతిలోకి వెళ్లిపోయింది.

నాకు ఆ మాట నచ్చలేదు. భయపడేవాళ్లను బతిమాలడమేమిటనిపించింది. అయినా కళ్లు తిరిగిన అమ్మాయిని అడిగాను. ఆమె చాలాసేపు పైట కొంగు ముడేసి విప్పుతూ కూర్చుంది. చివరకు, "నేను నడుమల నడుస్త. ముంగట నడవ, ఎనుక నడవ," అంది. నడుమ నడవాలంటే అటూ ఇటూ మనుషులు కావాలి కదా. అలా ఇంకొకరిని అడగాల్సి వచ్చింది, ఆ తర్వాత మరొకరిని. ఒక్కొక్కరిదీ ఒక్కో భయం. ఒకామెకు పదో తరగతిలో ఉన్న అన్న చూస్తాడని. ఇంకొకామెకు చేద లాగుతుంటే ఓణీ తడుస్తుందని. అప్పటిదాకా వాళ్లంతా ఒక్కలాగే పిరికివాళ్లని నేననుకునేదాన్ని. అన్న ఉన్న అమ్మాయి కోసం నేనే ఆ అన్నతో మాట్లాడాను. ఓణీ తడుస్తుందన్న అమ్మాయికి నీళ్లు నేనే తోడి ఇస్తానన్నాను. చివరకు అందరం కలిసి బయలుదేరాం. నవ్వులు లేకపోలేదు. కానీ ఒక్కరి మీద నవ్వినంత సులువుగా వరస మొత్తం మీద నవ్వలేకపోయారు. కొన్నాళ్లకు మమ్మల్ని చూసి బంతాట కాస్త పక్కకు జరుపుకోవడం మగపిల్లలకే అలవాటైంది.

పై తరగతికి పోయాక టీచరమ్మ నన్ను ఆడపిల్లల లీడరును చేసింది. బాపుకు చెబితే, లీడరంటే ఏం పని చెయ్యాలని అడిగాడు. నీళ్లకు పోయేటప్పుడు అందరినీ పిలవాలన్నాను.

బడి చదువు ముగిసే కాలానికి మా వైపు ఫ్యాక్టరీలు లేవసాగాయి. మా చేలో సగం వాటి కిందకు పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరీ ఇస్తామన్నారు. బాపు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, కొడుకు లేడా అని అడిగాడు.

"ఉన్నడు. ఇంక చిన్నోడు," అన్నాడు బాపు. "మా ఇంట్ల సదివింది ఈమెనే. నౌకరి ఈమెకే ఇయ్యుండ్రి."

అది సూది మందులు తయారుచేసే ఫ్యాక్టరీ. మందు నింపిన గాజు బుడ్డీలను మూసే షెడ్డులో నన్ను వేశారు. వేలెడంత బుడ్డీ మెడను గ్యాసు మంట మీద తిప్పుతూ, గాజు మెత్తబడగానే కొసను చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, లాగి మూసెయ్యాలి. మంట కదులుతుందని ఫ్యాన్లు ఉండేవి కావు. షెడ్డులో రెండు వరసలు. ఒక వరసలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆడవాళ్లు. వాళ్ల భర్తలకు దగ్గర్లోని ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగాలు. ఇంకో వరసలో మాలాంటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లం. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, అలా కుదిరిపోయింది. నేను "జెర ఆగు" అంటే అవతలి వరసలో ఎవరో ఒకరు ఆ మాట సాగదీసి అనేవాళ్లు. మేము వాళ్ల "అండీ"లను వెక్కిరించేవాళ్లం.

అవతలి వరసలో నాకంటే పదేళ్లు పెద్దామె ఒకతె ఉండేది. గుంటూరు జిల్లా మనిషి. గాజు చిట్లి నా వేళ్లు కాలుతుంటే చూసి, ఒకనాడు తన చోటి నుంచి లేచివచ్చి నా మణికట్టు పట్టుకుంది. "గట్టిగా లాగకమ్మాయ్, అదే వస్తుంది. నువ్వు తిప్పుతూ ఉండు," అని చెప్పి వెళ్లింది. ఆ పని నాకు ఆమె చేతి నుంచే వచ్చింది.

కొంతకాలానికి షెడ్డుకు ఒక లైన్ లీడరు కావాల్సి వచ్చింది. ఆ గుంటూరు ఆమెకే ఇస్తారని అందరూ అనుకున్నారు. కానీ ఆమె సూపర్‌వైజరుకు ఎదురు చెబుతుంది. నేను నోరు మెదపకుండా పని చేసుకుంటాను. అందుకని నన్ను పెట్టాడు. ఆనాటి నుంచి ఆమె నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. నేను ఒకటి చెబితే అవతలి వరస ఆమె ముఖం చూసేది. ఇవతలి వరసేమో నేను తమ మనిషినని ఏం చేసినా చెల్లుతుందనుకుంది. నాకు రెండు వైపులా పరేషానే.

చాలా రోజులు మింగలేక కక్కలేక ఉండి, ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని ఆమె పక్కకు పోయి కూర్చున్నాను. "అక్కా, ఈ పని నీకు రావాల్సింది. నాకు ఇచ్చిండ్రు. ఒద్దంటె ఇంకెవరికో ఇస్తరు. నువ్వు తోడు లేకుంటె నాతోని కాదు," అన్నాను. ఆమె నవ్వలేదు, ఓదార్చలేదు. అన్నం తినడం పూర్తయ్యాక, రెండు వరసలనూ కలిపి కూర్చోబెట్టమని, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన పాతవాళ్లు ఉండాలని చెప్పింది. సణుగుళ్ల మధ్యే అలా మార్చాం. గాజు పగలడం తగ్గింది. వెక్కిరింతలు పూర్తిగా పోలేదు గానీ, వెక్కిరించే మనిషి పక్కనే కూర్చుని ఉండటంతో మునుపటి పదును పోయింది.

మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు ఆఫీసుకు పోతూ, చేతిలో ఉన్న మందంతా సాయంత్రానికల్లా మూసెయ్యాలని చెప్పి వెళ్లాడు. కాసేపటికి తియ్యటి వాసన ఒకటి వచ్చింది. పక్క షెడ్డులో మంట తగిలితే అంటుకునే ద్రావకాల పీపాలు ఉండేవి, అప్పుడప్పుడూ వాసన రావడం మామూలే. కానీ ఈసారి కళ్లు మండాయి.

"అమ్మాయ్, మంట చూశావా?" అంది అక్క. మంటల కొసలు ఎప్పటికంటే పొడుగ్గా, పసుపుపచ్చగా లేస్తున్నాయి.

ఆపితే నింపిన మందంతా పారబొయ్యాల్సిందే. ఆపకపోతే ఏమవుతుందో తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. ఆమె దగ్గరికి పోయి మెల్లగా అడిగాను. "బంద్ చేద్దామా అక్కా?"

"నువ్వు చెప్పు. నువ్వు లేస్తే అందరం లేస్తాం."

పోయి గ్యాసు కట్టేశాను. మంటలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. ఉరకొద్దని, కింద గాజు ఉందని, పక్కదాని చెయ్యి పట్టుకుని బయటికి నడవమని చెప్పాను. గేటు దగ్గర ఎండలో అందరం నిలబడ్డాం. లెక్క చూసుకున్నాను, ఎవరూ లోపల లేరు.

మేనేజరు వచ్చాడు. సూపర్‌వైజరు ఆయన వెనకాలే వచ్చి, వాసనకే భయపడి మందంతా పాడుచేశారన్నాడు. ఎవరు ఆపమన్నారని మేనేజరు అడిగాడు. నేను చెప్పేలోపే అక్క అందుకుంది.

"అందరం అనుకునే వచ్చామండీ. ముందు లేచింది మాత్రం ఈ అమ్మాయే."

ఆయన ఇంకేమీ అనకుండా పక్క షెడ్డులోకి పోయాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. ఎండకు ఒక పీపా మూత వదులై, ద్రావకం కారి మా గోడ దాకా పారిందట. మమ్మల్ని మెచ్చుకోలేదు. ఇంటికి పోయి రేపు రమ్మన్నాడు, అంతే.

ఆ వారమే సూపర్‌వైజరు నన్ను లీడరు పని నుంచి తీసేసి ఆ పని అక్కకు ఇస్తానన్నాడు. "తను ఉండగా నాకెందుకండీ," అందామె. ఇంకొకరిని అడిగాడు, ఆమే అదే మాట అంది. మా ఊరి వైపు ఆమెను అడిగితే, తనకు రాదని తల అడ్డంగా ఊపింది. కొన్నాళ్లు మా షెడ్డుకు లీడరే లేదు. పని మాత్రం ఎప్పటిలాగే సాగింది. అందరూ నన్నే అడిగేవాళ్లు, నేను అక్కను అడిగేదాన్ని. పీపాలను ప్రహరీ గోడ అవతలికి మార్చారు, మా షెడ్డుకు రెండో తలుపు పెట్టారు. ఆ తర్వాత సూపర్‌వైజరు వేరేచోటికి పోయాడు. ఆ పని నన్ను చూసుకోమని మేనేజరు పిలిచి చెప్పాడు. అప్పటిదాకా ఆ ఫ్యాక్టరీలో ఆడ సూపర్‌వైజరు లేదు. మూసిన బుడ్డీలను పరీక్షించే పని అక్కకు ఇస్తేనే చేస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

మొదటి సోమవారం పని మొదలయ్యే ముందు అందరినీ పోగుచేసి, ఎవరికేం ఇబ్బంది ఉందో చెప్పమన్నాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇలా పిలవడమే తప్పేమోననిపించింది. తొందరపడి నేనే ఏదో ఒకటి మాట్లాడబోయి ఆగాను. వెనక బీదర్ నుంచి కొత్తగా వచ్చినామె ఒకతె నిలబడి ఉంది. తెలుగు సరిగా రాదు, షెడ్డులో ఎవరితోనూ కలిసేది కాదు. ఆమె దగ్గరికి పోయి, నీకేమన్న తక్లీఫ్ ఉందా అని అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసి, స్టూలుకు వెనక ఆనుకోవడానికి ఏమీ లేదని, నడుము నొప్పి పుడుతోందని హిందీలో చెప్పింది. చెప్పి సిగ్గుతో తల వంచుకుంది.

"నాక్కూడా," అంది ఇంకొకామె. "ఆఁ, మాక్కూడనే," అంది మా ఊరి వైపు ఆమె. ఆ తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఎవరేం చెబుతున్నారో నాకు అర్థం కాలేదు. ఒక్కొక్కరే చెప్పండని వాళ్ల మధ్యలో నేనూ ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను.