కొత్త పేర్ల వరుస

ఈ ఉదయం మా ఆఫీసు పక్కనుంచి మిరపకాయల లారీ వెళ్ళింది. ఆ ఘాటుకు గొంతు పట్టేసి, దగ్గుతూనే మస్తాన్ గారిని తలుచుకున్నాను. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కొట్లో సరుకు చూసి తీసుకునే పెద్ద గుమస్తా ఆయన. జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు. అయినా మెయిల్ వడపోత నాకు నేర్పింది ఆయనే.

నేను చీరాల నుంచి రైల్లో వచ్చి ఆ కొట్లో కంప్యూటర్ పని చూసేదాన్ని. మగ్గం ఆగిపోయిన మా ఇంటికి నా జీతమే ఆధారం. ఇంటర్నెట్ ఫోను తీగ మీద నత్తనడకన వచ్చే రోజులవి. పొద్దున్నే మెయిల్ తెరిస్తే లాటరీలు, మందులు, ఎక్కడెక్కడి యువరాజులో! వాటి మధ్య మన ఉత్తరాలు ఏరుకునేసరికి పూట గడిచేది. విసుగెత్తి, మా చిరునామాల జాబితాలో లేనివాళ్ళు ఏం పంపినా రాగానే చెరిగిపోయేలా పెట్టాను. షావుకారు గారు మెచ్చుకున్నారు. నేనో పెద్ద మొనగత్తెనని పొంగిపోయాను.

పదిహేను రోజులకు కొలంబో నుంచి ఫోను. కొత్త వ్యాపారి మూడుసార్లు రాశాడట, జవాబు లేక పక్క కొట్లో సరుకు తీసుకున్నాడట. షావుకారు గారు ఆఫీసు అదిరేలా అరిచారు.

"రేపట్నుంచి రావక్కర్లేదమ్మా!"

ఆ అరుపులు విని మస్తాన్ గారు లోపలికొచ్చారు. సంగతి తెలుసుకుని నావైపు తిరిగారు.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నావు కదమ్మా! మొహం తెలియని రైతు బస్తాలు తెస్తే గేట్లోంచే తోలేస్తామా?"

తర్వాత షావుకారు గారితో, "ఈ పిల్లను పంపెయ్యకండి. కొత్త పేర్ల వరుసలో పెట్టండి. నెల్రోజులు నేను చూసుకుంటా" అన్నారు. ఆయన మాట షావుకారు గారు తీసెయ్యలేకపోయారు.

మర్నాడు నన్ను సరుకు దిగే చోటికి తీసుకెళ్ళారు. కొత్త రైతుల బస్తాలది విడిగా ఓ వరుస. ప్రతిదీ విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ తీసేవారు. పైన నిగనిగలాడే కాయ పోసి నడుమ నీళ్ళు చల్లిన కాయ దాచడం కొందరికి అలవాటు మరి. నాలుగుసార్లు మంచి సరుకొస్తే ఆ పేరు పాత వరుసలోకి మారేది. అక్కడ ఒక్క బస్తా విప్పితే చాలు. ఆవేళ ఆయన సొంత బావమరిది బస్తాలోనే తడికాయ దొరికింది.

"నన్ను కూడా నమ్మవా బావా?" అని అతను గింజుకున్నాడు.

"నమ్మే ఒక్కటి విప్పానురా. ఇకనుంచి అన్నీ విప్పుతా. రావద్దనలేదుగా!"

నేనూ మెయిల్లో అలాగే పెట్టాను. తెలిసినవాళ్ళవి నేరుగా వస్తాయి. కొత్తవి వేరే ఫోల్డరులో ఆగుతాయి. నాలుగు సవ్యంగా వస్తే ఆ పేరు ఇటు మారుతుంది. పాత పేరు మీద వైరస్ వస్తే మళ్ళీ అటే. ఆపిన ఉత్తరాలను రోజూ మస్తాన్ గారు నా పక్కన కూర్చుని చదివించుకునేవారు. ఏది ఎందుకు ఆపావని అడిగేవారు. నాకు లోలోపల ఒళ్ళు మండేది.

నెల తిరిగింది. ఒకరోజు ఆయన రాలేదు. నేనే వెళ్ళాను.

"ఇవాళ చూడరా బాబాయ్ గారూ?"

"నీవి రోజూ విప్పక్కర్లేదు తల్లీ. వారానికొకటి చాలు."

కొలువు నిలిచింది. రైల్లో చీరాల దాకా ఏడుస్తూనే వెళ్ళాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఒక కాలేజీ మెయిళ్ళన్నీ నా చేతిలో ఉన్నాయి. పోయిన వారం, కొత్తగా చేరినావిడ ఒకరు పిల్లల దరఖాస్తులు చెత్తలోకి పోయేలా పెట్టింది. ఆవిడను ఉద్యోగంలోంచి తీసెయ్యమన్నారు పైవాళ్ళు. నేను ఒప్పుకోలేదు. రోజూ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. నేనంటే ఆవిడకు ఒళ్ళు మంట. మండనీ.