మూడు వేళ్లకు తెలియని వేడి

ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరక్క అనేవారు. ఆ పేరు ముందుగా పెట్టిందెవరో ఎవరికీ గుర్తు లేదు. పందొమ్మిదేళ్లుగా ఆవిరి రోలర్ ముందు నిలబడ్డ మనిషిని ఇంకేమంటారు? ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు ఉతికి, పిండి, తడితడిగా ఆమె ముందుకొస్తాయి. రెండు కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి రోలర్ నోటికి అందిస్తుంది. దుప్పటి ఆ వేడి పొట్ట చుట్టూ తిరిగి, కొత్త కాగితంలా మళ్లీ ఆమె చేతిలోకే వస్తుంది. అంచు వేళ్లతో నలిపి చూసి, తడి లేదనుకుంటే పక్కనున్న మడతల బల్ల మీదికి తోస్తుంది.

బల్ల దగ్గర మడతల వదిన ఉంటుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన మొదటి వారంలో ఒకరి కాలు ఒకరు తొక్కి, "చూసి నడు వదినా" అనుకున్నారు. ఆ తొక్కుడే చుట్టరికమైంది.

కిటికీ కింద టీ బల్ల. దాని నడుమ నీలం టేపు అంటించి ఉంటుంది. ఎడమవైపు ఆవిరక్క తెచ్చే పెద్ద ఫ్లాస్కు, అది వేడి పార్టీ. కుడివైపు తడి తువ్వాలు చుట్టుకున్న గాజు జాడీ, అది చల్ల పార్టీ. ఐసు కరిగితే పలచబడుతుందని వదిన పొద్దున్నే రెండింతలు చిక్కగా కాచి, చక్కెర వేడిలోనే కరిగించి, నిమ్మచెక్కలు వేసి తెస్తుంది. గీత దాటి అవతలి టీ తాగినవాళ్లు ఆ రోజు అందరి గ్లాసులూ కడగాలి. ఇంతకుమించి రాజ్యాంగం లేదు.

"ఇంత ఎండలో పొగలు మింగేవాళ్లని ఏమనాలి వదినా?" అని అటునుంచి మొదలయ్యేది.

"మనుషులనాలి. నిమ్మకాయ నీళ్లలో టీ ఆకుకి ఈత నేర్పేవాళ్లనే ఏమనాలో తెలియట్లేదు."

"పళ్లు జివ్వుమంటే గానీ ప్రాణం లేచిరాదమ్మా మాకు."

"వేడి తాగి చెమట పట్టిందనుకో, ఒళ్లు దానంతటదే చల్లబడుతుంది."

"అవునవును. ఇల్లు తగలబెట్టుకుంటే చలి కూడా పోతుంది."

వానాకాలంలో చల్ల పార్టీ వాళ్లు ఒక్కొక్కరే తల దించుకుని టేపు దాటేవాళ్లు. ఎండాకాలంలో వేడి పార్టీ కరిగిపోయేది. ఈ ఇద్దరు మాత్రం ఏ కాలంలోనూ దాటలేదు.

ఇంట్లో ఆవిరక్కకు అలాంటి గీత లేదు. మొగుడు బస్సు కండక్టరు. టీ కప్పు పక్కన పెట్టుకుని మరిచిపోయి, చల్లారాక ఒక్క గుక్కలో తాగేస్తాడు. ఏ పార్టీకీ ఓటెయ్యని మనిషి. ఏం చెప్పినా "పోనీలే" అంటాడు. ఆ మాట గోడకు కొట్టిన సున్నంలా ఇల్లంతా పట్టేసింది.

ఆ ఏడు చలికాలం చివర ఆమె కుడిచేతికి తిమ్మిరి మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. పొద్దున లేస్తూనే నీళ్లు విదిల్చినట్టు చెయ్యి విదిల్చేది. కొన్ని వారాలకు ఆ చిమచిమలు ఆగిపోయాయి. తిమ్మిరి పోయిందని సంతోషించింది. దానితో పాటు వేళ్లు కూడా పోయాయని నాలుగు రోజులకు తెలిసింది. చేతికి ఉన్నాయి, కదులుతున్నాయి, పట్టుకోమంటే పట్టుకుంటున్నాయి. కానీ పట్టుకున్నది ఏమిటో చెప్పవు. కూలికి వచ్చి మాట్లాడకుండా పనిచేసి వెళ్లిపోయే మనుషుల్లా.

భయం వెయ్యాలి కదా అనుకుంది. వెయ్యలేదు. లోపల కూడా ఎక్కడో మూడు వేళ్లంత మేర మొద్దుబారినట్టు ఉంది.

రోలర్ పైన గోడకు ఒక బోర్డు ఉంది: చేతి స్పర్శ సరిగా లేనివారు ఈ యంత్రం వద్ద పనిచేయరాదు. ఆ అక్షరాల వెనక రోలర్‌లో నలిగిపోయిన ఒక మనిషి చెయ్యి ఉందని పాతవాళ్లు చెప్పేవారు. రోలర్ నుంచి తీసేస్తే ఆమెకు ఆ లాండ్రీలో ఇంకో పని లేదు. ఉతుకు గదిలో మనుషులు నిండా ఉన్నారు, మడతల బల్ల ఒక్కరిదే. రోలర్ పోతే గేటు బయటే.

అందుకని కొత్త పద్ధతి కనిపెట్టుకుంది. రోలర్ నుంచి వచ్చిన దుప్పటి అంచును వేళ్లతో నలపడం మాని, చెంపకు ఆనించుకునేది. తడి ఉందో లేదో చెంప చెప్పేది.

"ఆవిరక్క దుప్పట్లకు ముద్దులు పెడుతోంది చూడండ్రా!" అని ఉతుకు గదివాళ్లు నవ్వారు.

"మీ మొహాలకంటే శుభ్రంగా ఉన్నాయి మరి," అంది ఆమె.

నాలుగు నెలలు గడిచాయి. ఎండలు ముదిరి వేడి పార్టీ ముగ్గురికి పడిపోయిన ఒక మధ్యాహ్నం, మడతల వదినకు చిలిపి బుద్ధి పుట్టింది. ఆవిరక్క చేతులు తుడుచుకునేలోపు ఆమె స్టీలు గ్లాసు నిండా జాడీలోది వంచి, ఐసు ముక్కలు తీసేసి, ఫ్లాస్కు పక్కన పెట్టింది. నిమ్మకు విరిగినా ఒక్క చూపుకి చాలులే అని పాలు కూడా ఒక చుక్క వేసి రంగు మార్చింది. గ్లాసు బయట నీళ్లు పట్టాయి గానీ, ఆ గదిలో చెమట పట్టనిదేముంది? అందరూ నోళ్లు మూసుకుని గోడలకు ఆనుకున్నారు. పట్టుకోగానే కెవ్వుమంటుంది, అదీ పందెం.

ఆవిరక్క వచ్చి మూడు వేళ్లతో గ్లాసు అంచు పట్టుకుంది. కెవ్వుమనలేదు. కిటికీ వైపు తిరిగి మెల్లగా ఊదడం మొదలుపెట్టింది. ఒకసారి ఊది ఆగింది. వీధిలో ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోతుంటే చూసింది. మళ్లీ ఊదింది.

గది ఘొల్లుమంది. "ఐసు టీ ఊదుకుంటోందిరోయ్! చల్లారట్లేదా అక్కా? ఇంకో నాలుగుసార్లు ఊదు!"

అప్పుడు పెదవి ఆనించింది. చల్లదనం పళ్లకు తగిలింది. ఒక్క క్షణం ఆగి, "మీకు నవ్వుకోడానికి ఏదో ఒకటి కావాలిగా," అని వాళ్లతో పాటు నవ్వింది. నవ్వు బాగానే కుదిరింది. అందరూ నమ్మారు.

మడతల వదిన మాత్రం నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆ గ్లాసు ఎంత చల్లగా ఉందో ఆమెకు తెలుసు. పెట్టింది ఆమే కదా.

గ్లాసులు కడిగే తొట్టి దగ్గర వెనకే వచ్చి నిలబడింది. "ఎన్నాళ్లయింది?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలొద్దు వదినా."

కుళాయి కింద చెయ్యి పెట్టి, నీళ్లు వేళ్ల మీంచి పోతుంటే చూస్తూ చెప్పింది ఆవిరక్క. "నాలుగు నెలలు."

"ఎవరికీ చెప్పలేదా? అన్నయ్యకు?"

"చెప్పాను. పోనీలే, తగ్గుతుందన్నాడు. నొప్పి ఉంటే గట్టిగా చెప్పేదాన్ని. నొప్పి లేదు కదా, ఏమని చెప్పను?"

వదిన కుళాయి కట్టేసింది. తర్వాత, "శుక్రవారం డాక్టరు వస్తాడు, గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఏడాదికోసారి వచ్చి రోలర్ దగ్గర పనిచేసేవాళ్లందరినీ చూస్తాడు. కళ్లు మూసుకోమని రెండు గాజు గొట్టాలు తీస్తాడు, ఒకదాంట్లో వేణ్నీళ్లు, ఒకదాంట్లో ఐసు నీళ్లు. వేళ్లకు ఆనించి వేడా, చల్లనా అంటాడు. ప్రతి ఏడూ అదొక జోకు వాళ్లకు: డాక్టరు కూడా పార్టీ సభ్యత్వం అడుగుతున్నాడని.

దాన్ని దాటే పన్నాగం వదినదే. డాక్టరు కుర్చీ వేసుకునేది రోలర్ గదిలోనే, మడతల బల్లకు నాలుగడుగుల్లో, ఏ గొట్టం తీశాడో కనిపించేంత దగ్గర. "చల్లనైతే దగ్గుతాను. వేడైతే ఊరుకుంటాను. సరేనా?"

మూడు రోజులు, భోజనాల వేళ, తలగడ గలీబుల బీరువా వెనక సాధన చేశారు. వదిన ఒకసారి వేడి గ్లాసు, ఒకసారి చల్ల గ్లాసు ఆ వేళ్లకు ఆనించేది. దగ్గు. చల్లన. మౌనం. వేడి. ఆవిరక్క ఒక్కటీ తప్పలేదు. చెవులు అంత బాగా పనిచేస్తున్నాయి.

"నీచేత నా జాడీ ముట్టించడానికి పందొమ్మిదేళ్లు పట్టింది," అంది వదిన నవ్వబోతూ.

"ముట్టుకున్నట్టు నాకు తెలిస్తేగా, ఓడిపోయినట్టు."

గురువారం మధ్యాహ్నం ఏదో కమురు వాసన వచ్చింది. హోటలు గలీబు మాడుతోందనుకుంది ఆవిరక్క. గలీబు తీసి వెలుగులో తిప్పి చూసింది, మచ్చ లేదు. ఇంకోటి తీసింది, అదీ తెల్లగానే ఉంది. వాసన మాత్రం వస్తూనే ఉంది.

"వదినా! చెయ్యి! చెయ్యి తియ్యి!"

రోలర్ అంచు ఇనుము మీద ఆమె నడిమివేలు ఆని ఉంది. తీసి చూసుకుంది. వేలి కొస తెల్లగా ఉబ్బి, చుట్టూ ఎర్రగా అయింది. ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు చూసింది.

వదిన జాడీలో చెయ్యి పెట్టి ఐసు ముక్కలు తీసి ఆ వేలికి అదిమింది. టీ కారి ఇద్దరి మోచేతులూ తడిసిపోయాయి. "చల్లగా ఉందా? కొంచెమన్నా చల్లగా ఉందా?"

"తెలియట్లేదు."

వదిన ఏడ్చింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునేమో అని మాత్రం, దూరంగా ఉన్న ఇంకెవరి గురించో అనుకున్నట్టు అనుకుంది.

"రేపు దగ్గమంటావా, వద్దంటావా?"

"దగ్గు," అంది ఆవిరక్క.

శుక్రవారం డాక్టరు వచ్చాడు. వేలికి గుడ్డ చూసి ఏమైందన్నాడు. "టీ ఒలికింది," అంది. పక్కనున్న సూపర్‌వైజరు, "వేడి పార్టీ నాయకురాలు సార్, తప్పదు," అన్నాడు. డాక్టరు నవ్వి కళ్లు మూసుకోమన్నాడు.

చీకట్లో రోలర్ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఏదో ఆనించే ఉంటాడు. వెనకనుంచి దగ్గు.

"చల్లన."

మళ్లీ. మౌనం.

"వేడి."

మళ్లీ దగ్గు. "చల్లన." చెప్పడం ఎంత తేలికో అనుకుంది. ఇన్నాళ్లూ వేళ్లు చెప్పినవి కూడా ఇలాగే విని నమ్మిందేమో.

నాలుగోసారి మౌనం. కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఏమీ వినిపించలేదు.

"వేడి."

"కళ్లు తెరవమ్మా," అన్నాడు డాక్టరు.

ఆమె చూపుడువేలికి ఆనుకుని ఉన్న గొట్టంలో ఐసు ముక్క తేలుతోంది. తల తిప్పింది. మడతల వదిన సగం మడిచిన దుప్పటి గుండెకు హత్తుకుని, పెదవులు బిగబట్టి, సూటిగా ఆమెనే చూస్తోంది. దగ్గు రాక ఆగిపోలేదు. ఆపుకుంది.

ఆవిరక్క తనలో కోపం కోసం వెతికింది. ఉండాల్సిన చోట లేదు. డాక్టరు వైపు తిరిగి, "నాకు తెలియట్లేదండీ. నాలుగు నెలలైంది. ఇందాక చెప్పినవి కూడా నావి కావు," అంది.

మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు డాక్టరు. పట్టీ వెయ్యాలి, పెద్దాసుపత్రిలో చూపించాలి. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఇంత ఆలస్యం చేశారేమిటన్నాడు. సాయంత్రానికి రోలర్ ముందు ఉతుకు గదిలో అదనంగా ఉన్న మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెక్కడా ఖాళీ లేదమ్మా," అన్నాడు సూపర్‌వైజరు ఆమె మొహం చూడకుండా.

"నా బల్ల దగ్గర ఉంది," అంది మడతల వదిన. "ఈ పెద్ద దుప్పట్లకు ఇద్దరు కావాలి సార్. పందొమ్మిదేళ్లుగా ఒక కొస మేకుకు తగిలించి మడుస్తున్నాను. ఆ మేకు ఊడొచ్చింది, చూడండి."

మేకు నిజంగానే ఊడొచ్చింది. ఎప్పుడు ఊడొచ్చిందో, ఎవరు ఊడబీకారో ఆయన అడగలేదు. కాసేపు గోడలోని కన్నం చూసి, "ఒక నెల చూద్దాం," అన్నాడు.

తర్వాతి మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. దుప్పటి కొసలు చెరొకరు పట్టుకుని ఎదురెదురుగా నిలబడేవారు. నడిచి దగ్గరకొస్తే చేతులు చేతులకు తగిలేవి, కొసలు అప్పగించి వెనక్కి నడిచేవారు. మళ్లీ దగ్గరకు, మళ్లీ దూరంగా. రోజుకు రెండువందల సార్లు. పట్టీ కట్టిన చేతి ఉంగరంవేలికి, చిటికెనవేలికి మాత్రం వదిన చేతుల వెచ్చదనం తెలిసేది.

నాలుగో రోజు టీ వేళకు ఆవిరక్క ఫ్లాస్కు వైపు చెయ్యి చాపింది. అంతలోకే మడతల వదిన నీలం టేపు దాటి వచ్చి, ఫ్లాస్కు లాక్కుని, గ్లాసులో పోసి, తన వేళ్ల మధ్యే పట్టుకుని నిలబడింది.

"అమ్మో! చల్ల పార్టీ నాయకురాలు గీత దాటింది! గ్లాసులు కడగాలి, గ్లాసులు!"

"కడుగుతాలే, చావకండి." గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, చెవి తమ్మె పట్టుకుంది, మళ్లీ మార్చుకుంది. "ఛీ, నిప్పులు తాగుతారా మీరు! ఆగు వదినా. ఇంకా కాలుతోంది."

ఆవిరక్క ఆగింది. కిటికీ బయట ఎండ తెల్లగా, మడత పెట్టని దుప్పటిలా పరుచుకుని ఉంది.

"దగ్గి ఉండాల్సింది," అంది కాసేపటికి.

"లేదు," అంది వదిన.

ఇంకొంచెంసేపు గ్లాసు పట్టుకుని, "ఆఁ, ఇప్పుడు తీసుకో," అని అందించింది.

ఆవిరక్క మూడు వేళ్లతో అందుకుంది. వాటికేమీ తెలియలేదు. అలవాటుకొద్దీ గ్లాసు మీదికి వంగి ఊదింది.

"ఊదక్కర్లేదు, చూశానుగా," అంది వదిన తన వేళ్లను జాడీ చుట్టూ ఉన్న తడి తువ్వాలుకు అదుముకుంటూ.

అయినా ఇంకోసారి ఊది, తాగింది.