రివాల్వర్ పిడి మీద హంస

ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ముగిసిన తర్వాతి చలికాలంలో, దోహా శివార్లలోని ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. ఆర్మరర్ పని ఆయుధాలు కాల్చడం కాదు. వాటిని విప్పి, శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చి, కాల్చేవాడి చేతికి మళ్ళీ అప్పగించడం. భారత సైన్యంలో అదే పని చేసి సుబేదారుగా రిటైరయ్యాను. జవానుకూ కమిషన్డ్ అధికారికీ నడుమ ఉండే హోదా అది. నేను సైన్యంలో చేరిన రోజు, తుపాకులు పట్టిన వంశంలో పుట్టి తుపాకులు తుడవడానికి పోతున్నాడని మా పెదనాన్నగారు నాతో మాటలు మానేశారు. నిజానికి అప్పటికే ఆ వంశంలో ఒక్క తుపాకీ మిగల్లేదు. తాతగారి రివాల్వర్ లైసెన్సు రెన్యూ చేయించే దిక్కులేక పోలీసు స్టేషనుకు చేరింది.

మాది ఉత్తరాంధ్రలో చిన్న జమీందారీ. నా తరానికి దక్కింది ఇంటిపేరు, తాతగారి కోటు బొత్తాం మీది వెండి హంస, దివాణపు కుర్చీ తాలూకు విరిగిన చేయి. వంగని వెన్నెముక కూడా వంశం నుంచే వచ్చిందని చాలాకాలం నమ్మాను. సైనిక ఆసుపత్రిలో డాక్టరు దాన్ని స్పాండిలైటిస్ అన్నాడు.

కుర్చీ చేయి మేలు రకం రోజ్‌వుడ్. దాన్ని, హంసను దోహాకు వెంట తీసుకెళ్ళాను. విమానాశ్రయంలో అధికారి ఆ చెక్క ఏమిటని అడిగితే సింహాసనంలో భాగమని చెప్పాను. అతను నా చెప్పుల వైపు ఒకసారి చూసి, యల్లా, ఇక పద, అని పంపించేశాడు. క్లబ్బు గుర్తింపు కార్డులో నా పూర్తి పేరు పట్టక 'రాజా' వరకే అచ్చయింది. ఆ బిరుదు నిలుపుకోవడానికి తాతగారు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇక్కడ ఏసీ బాగుచేసే మనిషి కూడా నన్ను ఉచితంగా రాజా అని పిలిచేవాడు.

చేరిన కొద్ది రోజులకే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఉస్మాన్ నాకొక పని అప్పగించాడు. ఆయన సూడాన్ సైన్యంలో మేజరుగా చేసినవాడు, మితభాషి. పని నూరా అనే భద్రతాధికారిణికి సంబంధించింది. ఒక పెద్ద కుటుంబంలోని ఆడవాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు ఆమె వెంట ఉంటుంది. అనుమతి పొందిన చిన్న రివాల్వర్‌ను అబాయా కింద, అంటే బట్టల పైన వేసుకునే పొడుగాటి నల్ల అంగీ కింద, నడుముకు పెట్టుకుంటుంది. ఆ అనుమతి నిలవాలంటే మా క్లబ్బులో పరీక్ష నెగ్గాలి. అబాయా అంచు తొలగించి, రివాల్వర్ తీసి, గడువులోగా లక్ష్యాన్ని కొట్టాలి. ఆమె ఒకసారి తప్పింది. రెండు వారాల్లో రెండో పరీక్ష. అదీ తప్పితే ఆయుధం వెనక్కి ఇచ్చేసి, సీసీ కెమెరాల గదిలో డ్యూటీ చేసుకోవాలి.

తప్పు ఆమె గురిలో లేదని, పిడిలో ఉందని ఉస్మాన్ తేల్చాడు. రివాల్వర్ వెనక భాగంలోని ఇనుప చట్రానికి రెండు వైపులా బిగించే చెక్కలను గ్రిప్పులంటారు. రెండూ కలిస్తే పిడి. ఆమె రివాల్వర్‌కు కంపెనీవాళ్ళు లావుపాటి రబ్బరు గ్రిప్పులు వేశారు. రబ్బరు చేతిలో జారదు, కానీ గుడ్డను కూడా వదలదు. తీసిన ప్రతిసారీ అబాయా దానితోపాటే వచ్చేది. ఇక పిడి మందం మరో సంగతి. ట్రిగ్గర్ మీద చూపుడు వేలి కొసలోని మెత్తటి భాగం ఆనాలి. పిడి మరీ సన్నమైతే వేలు లోపలికి పోయి కీలు దగ్గర పడుతుంది. అప్పుడు లాగిన ప్రతిసారీ గొట్టం పక్కకు తిరుగుతుంది. మరీ లావైతే వేలు అందదు. కాబట్టి మొదటి పని చెయ్యి కొలవడం.

చిక్కల్లా అక్కడే వచ్చింది. పరాయి స్త్రీని చెయ్యి చాపమనడం మా ఇంట్లో నేర్పలేదు. ఆ దేశపు మర్యాద కూడా ఒప్పుకోదని నాకు నేనే తీర్మానించుకున్నాను, ఎవరినీ వాకబు చేయలేదు. ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అల్ హిలాల్‌లోని మా ఫ్లాటుకు వెళ్ళి, మా ఆవిడ సుభద్రను రకానికి ఒక డజను చొప్పున అన్ని సైజుల గాజులూ సర్దిమ్మన్నాను. గాజు సైజు తెలిస్తే చెయ్యి సైజు తెలిసినట్టే కదా అని వివరించాను.

"గాజు ఉండేది మణికట్టుకండీ," అంది సుభద్ర. "ఆవిడ మణికట్టుతో కాలుస్తుందా?"

ఆయుధాల సంగతి నీకు తెలియదులే అన్నాను.

ఆ కుటుంబపు కారు నడిపేది రాయచోటి మనిషి బాషా. నూరాను క్లబ్బుకు తెచ్చేదీ అతనే. గాజుల పెట్టె అతని చేతికిచ్చి, ఆమెకు ఏ సైజు పట్టిందో కనుక్కోమన్నాను. బాషా మూత తీసి చూసి, మళ్ళీ మూశాడు.

"ఏంది సార్ ఇది? ఆయమ్మ నడుముకు తుపాకి కట్టుకోని తిరుగుతాది. ఆమెకు గాజులు పంపిస్తాండారా? మా పక్క ఆఫీసర్లకు గాజులిచ్చేది ధర్నాలప్పుడు సార్."

"ఇది వృత్తికి సంబంధించిన విషయం," అన్నాను, వెన్ను నిటారుగా పెట్టి.

"మీ ఇంట్లో అమ్మకు తెలుసునా సార్, ఈ వృత్తి?"

మర్నాడు కబురు తెచ్చాడు. రెండుంబావు సైజు సరిగ్గా పట్టిందట. మేడం చాలా సంతోషించి ఆ డజనూ ఉంచేసుకుందట. నేను దాన్నిబట్టి చిన్న చెయ్యి అని లెక్క కట్టాను. కుర్చీ చేయిలో సగం కోసి, నాజూకైన సన్నటి గ్రిప్పులు చెక్కాను. అద్దంలా మెరిసేదాకా వార్నిష్ పట్టించాను. రివాల్వర్ నడుముకు ఉన్నప్పుడు బయటికి కనిపించేది కుడివైపు చెక్క. దాని మీద వెండి హంసను పొదిగాను. మెడ, ముక్కు ఉబ్బెత్తుగా పైకి లేచి ఉండేలా ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకున్నాను. ఉస్మాన్ చూసి అదేం పక్షి అన్నాడు. మా వంశ చరిత్ర మొదలుపెట్టాను. రెండో తరం దగ్గర ఆయన నమాజు వేళయిందని లేచాడు. నమాజుకు ఇంకా చాలాసేపు ఉంది.

నూరా పరీక్షించి చూడటానికి వచ్చింది. చేతికి మా సుభద్ర ఆకుపచ్చ గాజులు. ముందు ఖాళీ రివాల్వర్‌తో సాధన చేయించడం పద్ధతి. ఆమె అబాయా అంచు వెనక్కి తోసి, పిడి పట్టి లాగింది. రివాల్వర్ పైకి వచ్చింది, దానితో అబాయా అస్తరూ వచ్చింది. మా హంస ముక్కు అందులో చిక్కుకుంది. రెండోసారి లాగితే అస్తరు పర్రున చిరిగింది. మూడోసారికి ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీది భద్రతా నియమాలు చదివాను.

తర్వాత గుళ్ళు నింపి కాల్పించాము. అన్నీ లక్ష్యానికి కుడి అంచున పడ్డాయి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వలయం ప్రతి దెబ్బకూ ఆమె మధ్యవేలి కణుపును కొట్టి ఎర్రగా చేసింది. ఆమె రివాల్వర్ ఖాళీ చేసి, ఉస్మాన్‌కు చూపించి, బల్ల మీద పెట్టింది.

"మిస్టర్ రాజా, పరీక్షకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి," అంది ఇంగ్లీషులో. "తర్వాత నన్ను టీవీల ముందు కూర్చోబెడతారు. నేను మనుషుల వెంట ఉండేదాన్ని, తలుపుల బొమ్మలు చూస్తూ కూర్చోలేను. అసలు నా చెయ్యి ఎలా కొలిచారు?"

అబద్ధం చెప్పే అలవాటు మా వంశంలో లేదు. గాజులతో అన్నాను.

ఉస్మాన్ గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. నూరా మాత్రం నవ్వలేదు. గాజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. కాల్చిన లక్ష్యపు కాగితాన్ని తిరగేసి, దాని మీద అరచెయ్యి పరిచి, నా జేబులోని పెన్ను ఇవ్వమంది. తన చేతి చుట్టూ తనే గీసి కాగితం నా ముందుకు తోసింది.

"మొదటి రోజు అడిగి ఉంటే మొదటి రోజే ఇచ్చేదాన్ని. నేను కానుక అనుకున్నాను," అంది.

గీత చూడగానే విషయం అర్థమైంది. అరచెయ్యి సన్నం, వేళ్ళు దాదాపు నా వేళ్ళంత పొడవు. గాజు ఎక్కేటప్పుడు బొటనవేలు లోపలికి మడిచి చెయ్యి ముడుస్తారు. అది ముడిచిన చేతి వెడల్పే చెబుతుంది. వేళ్ళ పొడుగు దానికి తెలియదు. ముప్పై ఏళ్ళు గాజుల చప్పుడు వింటూ కాపురం చేసిన నాకు ఇది దోహాలో తెలిసింది.

పిడి మళ్ళీ చెక్కుతానని చెప్పి, హంసను ఎడమ చెక్క మీదికి మారుస్తానన్నాను.

"అక్కడ నా వేళ్ళుంటాయి."

"పోనీ అడుగున?"

"బర్డ్ మాఫీ, మిస్టర్ రాజా." ఆ మాఫీకి క్షమాపణతో సంబంధం లేదు. గల్ఫులో మాఫీ అంటే లేదు అని. పక్షి లేదు.

కుర్చీ చేయిలో మిగిలిన సగం తీశాను. చట్రం వెనక భాగాన్ని కూడా చెక్కతో కప్పాను. దాంతో వేలికీ ట్రిగ్గర్‌కూ దూరం పెరిగింది. ట్రిగ్గర్ వలయం వెనక ఖాళీని నింపాను, ఇక అది కణుపును కొట్టదు. ముందు భాగంలో వేళ్ళు పట్టేచోట అడ్డంగా, నిలువుగా సన్నటి గాట్లు పెట్టాను. దెబ్బకు పిడి తిరగకుండా ఉండేది వాటివల్లే. పక్కలు మాత్రం గుడ్డ జారిపోయేలా నున్నగా ఉంచాను. బట్టలోంచి ఉబ్బెత్తుగా కనిపించకుండా అడుగుభాగం కురచ చేసి గుండ్రపరిచాను. వార్నిష్ బదులు నూనె రాశాను. ప్రతి మార్పు తర్వాతా ఆమెనే పట్టుకుని చూడమని అడిగాను. మొదటిసారి గోడ వైపు చూస్తూ అడిగాను, తర్వాత అలవాటైంది. పూర్తయ్యాక పిడి చూడటానికి కత్తిపీట చెక్కలా ఉంది.

పరీక్ష రోజు నేను కాల్పుల గీత వెనక నిలబడ్డాను. ఈల మోగింది. అబాయా అంచు పక్కకు జరిగింది, రివాల్వర్ పైకి వచ్చింది, గుడ్డ ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. ఐదు గుళ్ళూ లక్ష్యం మధ్య వలయంలో పడ్డాయి. రెండో వరస కూడా అంతే. ఉస్మాన్ సంతకం చేశాడు. నూరా రివాల్వర్ నడుముకు పెట్టుకుని, పిడి మీద అరచేత్తో ఒకసారి తట్టి, తన డ్యూటీకి వెళ్ళిపోయింది. కారు తలుపు తీస్తూ బాషా నాకు సలాం కొట్టాడు.

"చూస్తిరా సార్," అన్నాడు, "గాజులు ఊరికే పోలా."

హంస వెనక సుభద్ర అయస్కాంతం అతికించింది. ఇప్పుడది మా ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లును పట్టుకుని ఉంటుంది. తాతగారి తర్వాత మా వంశంలో క్రమం తప్పకుండా పనిచేస్తున్నది అదొక్కటే.

చిన్న రివాల్వర్‌కు పిడి ఎంచుకునేవారు చూడవలసినవి వేలు ట్రిగ్గర్ మీద పడే చోటు, కణుపుకు రక్షణ, గుడ్డ మీద జారే నునుపు. ఇవన్నీ ఒక చేతి నుంచి మొదలవుతాయి. ఆ చెయ్యి ఎవరిదో వారినే అడిగి కొలత తీసుకోవాలి. పిడి చేసేవాడి తాత ఎవరన్నది ఆ కొలతల్లోకి రాదు.