మేం తవ్వించని చెరువు

మా ముత్తాత నిజాం కాలంలో ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగితే గానీ మొయినాబాద్ అంగడి మొదలయ్యేది కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత ఒక్క ఊరికే పటేల్. అయినా ఆయన దగ్గు వినిపిస్తే వీధిలో బీడీలు ఆరిపోయేవట. మా నాయన రెండుసార్లు సర్పంచ్‌గా పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయాడు. రెండోసారి ఓడించింది మా ఇంట్లో పాలు పోసే మనిషి. ఆ మర్నాటి నుంచి మా నాయన పాలు లేని టీ తాగాడు.

నేను బీమా ఏజెంటును. పూర్వీకుల ఆస్తిలో నాకు చెక్కుచెదరకుండా వచ్చింది నిటారుగా ఉండే వెన్ను ఒక్కటే. స్కూటర్ మీద కూడా అట్లాగే కూర్చుంటాను. దూరం నుంచి చూసినవాళ్లు నడుం పట్టేసిందనుకుని జాలిపడతారు. మేముండేది గడీలో. కోటలాగా కట్టిన దొరల ఇంటిని మా వైపు గడీ అంటారు. మాది అప్పటికే సగం కూలింది. మిగిలిన సగంలో రెండు గదుల్లో నేనూ నా భార్యా, తక్కిన గదుల్లో పావురాలూ ఉండేవాళ్లం. పావురాలకే ఎక్కువ జాగా.

ఊరి బయట ఒక చెరువు ఉంది. నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు వాగులో కలిసి, పట్నానికి నీళ్లిచ్చే గండిపేట జలాశయానికి పోతాయి. కట్ట మీద ఒక రాయి పాతి ఉంటుంది, దాని మీద మా ముత్తాత పేరు. ఆ చెరువు మా ముత్తాత తవ్వించిందని మా నాయన నాకు చెప్పాడు, ఆయనకు మా తాత చెప్పాడు. నేను చెప్పేందుకు పిల్లలు లేక పాలసీలు కట్టేవాళ్లకు చెప్పేవాణ్ణి. వాళ్లు వాయిదా ఎగ్గొట్టే ఉద్దేశంతో ఉంటే ఓపిగ్గా వినేవారు.

గచ్చిబౌలిలో అద్దాల భవనాలు లేచిన ఏళ్లవి. శనివారం వచ్చిందంటే బీజాపూర్ రోడ్డు నిండా కార్లే. ఆ కార్లలో వచ్చేవాళ్లకు ఆహ్లాదం కావాలని ఒక కంపెనీ కనిపెట్టింది. మా చెరువు చుట్టూ రంగు దీపాల నడకదారి, నీళ్ల మీద బోట్లు, పాటకు తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్, కట్ట మీద తిండి దుకాణాలు. చెరువులోకి చొచ్చుకొచ్చేలా చెక్కతో ఒక వేదిక, దాని మీద పెళ్లిళ్లు. బర్రెలు దిగే వైపు కార్ల పార్కింగు. గండిపేటకు నీళ్లు పోయే దారుల్లో పెద్ద కట్టడాలు కట్టకూడదని జీవో ఉంది. కానీ ఇది కట్టడం కాదు, చెరువును అందంగా చేయడం అని కంపెనీ వాదన.

ఊళ్లో వ్యతిరేకత మొదలైంది. చేపలు పట్టేవాళ్లు, బర్రెలున్నవాళ్లు, చెరువు కింద బావులున్నవాళ్లు కలిసి కమిటీ పెట్టారు. కిరాణా కొట్టు సేటు కార్యదర్శి. అతనూ నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. నన్ను అధ్యక్షుణ్ణి చేద్దామని అతనే అన్నాడు.

"నన్నే ఎందుకు?" అని అడిగాను, కారణం నాకు తెలుసన్న ధీమాతో.

"గడీ పేరు చెప్తె ఆఫీసుల జర కుర్సీ ఏస్తరు దొరా," అన్నాడు సేటు. "ఇంకోటి, మా అందరికీ పనులున్నయ్."

మొదటి ముక్కే నా చెవికెక్కింది.

కట్ట మీద ధర్నా ఎండాకాలంలో మొదలైంది. మా తాత షేర్వాణీ పెట్టెలోంచి తీసి వేసుకుని వెళ్లాను. కలరా ఉండల వాసనకు నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అది నాకు ఇస్తున్న మర్యాద అనుకున్నాను. అందరూ చాపల మీద కూర్చుంటే నేను నిలబడ్డాను, మా వంశంలో కింద కూర్చున్నవాడు లేడు కనుక. మధ్యాహ్నానికి కాళ్లు వాచాయి. నినాదాలు ఇమ్మంటే గొంతు సవరించుకున్నాను. అరవడం మా ఇంట్లో జీతగాళ్ల పని.

పక్షుల ఫోటోలు తీసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు కొందరు మాకు మద్దతుగా వచ్చారు. అందులో ఒకమ్మాయి 'చెరువును బతకనివ్వండి' అని రాసిన అట్ట నా చేతికి ఇవ్వబోయింది.

"అంకుల్, జస్ట్ టూ మినిట్స్ పట్టుకోండి."

"మా ఇంట్లో ఎవరూ బోర్డులు పట్టుకోలేదమ్మా," అన్నాను.

"ఓకే అంకుల్, ఫస్ట్ టైమ్ కదా, భయం ఉంటది," అందా అమ్మాయి. అట్టను తీసుకుపోయి ఒక బర్రె మెడలో వేసింది. మర్నాడు పేపర్లో బర్రె ఫోటో వచ్చింది. ఫోటోలో ఓ మూల నా షేర్వాణీ చెయ్యి కనిపిస్తుంది.

తర్వాత విచారణ. ఫంక్షన్ హాల్లో ఒక రెవెన్యూ అధికారి బల్ల వేసుకుని ఊరివాళ్ల అభ్యంతరాలు వింటున్నాడు. కంపెనీ తరఫున ఒక వకీలు, మెత్తగా మాట్లాడే మనిషి, వచ్చి కూర్చున్నాడు. మావాళ్లు ఒక్కొక్కరే లేచి చేపల సంగతి, బావుల సంగతి, గండిపేట సంగతి చెప్పారు. బాగా చెప్పారు. అంతటితో ఆపితే సరిపోయేది. కానీ అధ్యక్షుణ్ణి, చివర్లో నేను లేచాను.

ఏం మాట్లాడాలో సేటు నేర్పించాడు. 'ఇది సర్కారు చెరువు, ఊరందరిది, ముట్టొద్దు' అని. మూడే మాటలు. నేను మాత్రం మా ముత్తాత గుర్రంతో మొదలుపెట్టాను. ఏడు ఊళ్లు చెప్పాను. కట్ట మీది రాయి గురించి చెప్పాను. "ఈ చెరువు మా ముత్తాత సొంత సొమ్ముతో, సొంత భూమిలో తవ్వించింది. ఇది మాది. మేం ఒప్పుకోం," అని ముగించి, గాలి పీల్చి, ఛాతీ నింపుకుని నిలబడ్డాను.

వకీలు లేచి నాకు నమస్కారం పెట్టాడు.

"దొరగారు చెప్పిన ప్రతి మాటనూ మేం అంగీకరిస్తున్నాం," అన్నాడు. "అంత గొప్ప కుటుంబం మాట కాదనడానికి మేమెవరం?"

నేను తిరిగి నమస్కారం పెట్టాను. కంపెనీవాళ్లలోనూ సంస్కారవంతులు ఉన్నారనిపించింది.

"ఇది సర్కారు చెరువు కాదు. ప్రకృతి సిద్ధంగా ఏర్పడిందీ కాదు. ఒకరి సొంత కుంట. అందుకని సర్కారు చెరువుల షరతులు దీనికి వర్తించవని మా మనవి. వారసులతో మేం మాట్లాడుకుంటాం."

అధికారి నా వైపు చూశాడు. "మీ కుటుంబానిదే అని రాసుకోమంటారా?"

సేటు రెండు చేతులూ ఊపుతున్నాడు. నన్ను అభినందిస్తున్నాడనుకున్నాను.

"రాసుకోండి," అన్నాను. "మా ముత్తాత పేరు పూర్తిగా రాసుకోండి."

బయటికి వచ్చాక షామియానా కింద సేటు నన్ను పట్టుకున్నాడు.

"దొరా, నిన్ను పంపింది చెరువును కాపాడనీకి. రిజిస్ట్రేషన్ చేసుకోనీకి కాదు."

"నేను ఉన్నమాటే చెప్పిన."

"ఉన్నదో లేదో తర్వాత సంగతి. వాడు మూడు నెలల సంది ఎతుకుతున్న తాళంచెవి, నువ్వు దండేసి చేతుల వెట్టినవ్."

రోజూ ధర్నాకు బర్రెలను తోలుకొచ్చే ఆడమనిషి ఒకామె మధ్యలో అందుకుంది. "ఇగ మా బర్లు నీళ్లకు దిగాలంటె నీ తాన టికెటు కొనాల్నా దొరా? దూడలకు సగమేనా?"

అందరూ నవ్వారు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని స్కూటర్ ఎక్కాను. అది ఆ రోజు స్టార్ట్ కాలేదు. తోసుకుంటూ వెన్ను నిటారుగా ఉంచడం కష్టమని అప్పుడే తెలిసింది.

సేటు అధికారిని కలిసి వచ్చాడు. వచ్చే విచారణలోపు మా కుటుంబం వారసులందరూ 'ఆ చెరువు మీద మాకు ఏ హక్కూ లేదు, అది సర్కారుది' అని సంతకాలు పెట్టి ఇస్తే నా మాట చెల్లదట. లేకపోతే అదే రికార్డులో ఉండిపోతుంది. మా నాయన పోయాక వారసులం ఇద్దరమే మిగిలాం. ఒకరు నేను, రెండోది చేవెళ్లలో కొడుకు దగ్గర ఉంటున్న మా మేనత్త.

నేను సంతకం పెడతానని వెంటనే అనలేదు. చెరువు మాది కాదని మా ముత్తాత వంశంలో పుట్టినవాడు రాసివ్వడమా?

ఈలోగా వకీలు గడీకి వచ్చాడు. మిగిలిన ఒక్క మంచి కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, అలవాటుగా నిలబడేవాడిలాగా. పార్కుకు మా ముత్తాత పేరు పెడతామన్నాడు. ప్రవేశద్వారం దగ్గర విగ్రహం పెడతామన్నాడు.

ఇక్కడ నేను అతన్ని బయటికి పంపేశానని రాస్తే బాగుండేది. నేను అడిగింది, విగ్రహం గుర్రం మీద ఉంటుందా, నిలబడి ఉంటుందా అని.

"గుర్రం మీదే సార్."

"ముఖం ఎటువైపు?"

"రోడ్డు వైపు. కార్లలో వచ్చేవాళ్లకు కనబడాలి కదా."

వంటగదిలో నా భార్య గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడు వినిపించింది, మామూలుగా పెట్టే దానికంటే గట్టిగా. వకీలు బల్ల మీద పెద్ద నక్షా పరిచాడు. విగ్రహం, దాని వెనక గేటు, గేటు పక్కన టికెట్ల గది.

"ఊరివాళ్లు ఎటునుంచి వస్తారు?" అన్నాను.

"వాళ్లకు వెనక గేటు సార్. సోమవారం నుంచి గురువారం దాకా రాయితీ కూడా ఉంటుంది."

"మరి మేం?"

"మీకు టికెట్టే లేదు సార్!" అన్నాడు సంతోషంగా. "ఫ్యామిలీ పాస్ ఇస్తాం. ఫోటో అతికించి ఉంటుంది. ఏడాదికోసారి రెన్యూవల్ చేయించుకుంటే చాలు. ఆదివారాలు మాత్రం చెల్లదు, రద్దీ ఎక్కువ."

గండిపేట నీళ్లు తాగే పట్నం గురించో, చలికాలంలో వచ్చే పక్షుల గురించో, ఆ బర్రెల గురించో ఆలోచించి నేను మనసు మార్చుకున్నానని ధర్నాకు వచ్చిన పిల్లలు ఇప్పటికీ అనుకుంటారు. వాళ్లను నేను సరిదిద్దలేదు. నిజానికి నా మనసు మార్చింది ఆ పాస్. గుర్రం మీద మా ముత్తాత రోడ్డు వైపు చూస్తుంటే, ఆయన వెనకాల గేటు దగ్గర వాచ్‌మన్ నా ఫోటోనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్న దృశ్యం నాకు కళ్లకు కట్టింది. ఆ దృశ్యంలో అది ఆదివారం కూడా.

"నక్షా చుట్టేయండి," అన్నాను వకీలుతో. ఈసారి మా తాత దగ్గులాంటిదేదో నా గొంతులో పలికిందనుకున్నాను. వకీలు మంచినీళ్లు కావాలా సార్ అని అడిగాడు.

మర్నాడే బస్సెక్కి చేవెళ్ల వెళ్లాను. మేనత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మా నాయన కంటే పెద్దది, మా ఇంట్లో మా తాతకు ఎదురు మాట్లాడిన ఒకే ఒక్క మనిషి. వినయంగా సంగతి చెప్పాను. మన వంశగౌరవానికి దెబ్బే గానీ తప్పదని, గుండె రాయి చేసుకుని సంతకం పెట్టాలని అన్నాను.

"ఏం గౌరవం రా?" అంది.

"ముత్తాత తవ్విచ్చిన చెరువు గదా అత్తా."

ఆమె గింజలు తీయడం ఆపి నవ్వింది. "ఎవడు చెప్పిండురా నీకు? చెరువు ఎప్పటిదో ఎవలకెర్క. ఒక వానకాలం కట్ట తెగితె మా తాత ఊరోళ్లతోని వెట్టికి మట్టి మోపిచ్చి గండి పూడ్పిచ్చిండు. మోసినోళ్లకు జొన్న గట్క కూడ వొయ్యలే. పూడ్పిచ్చి, పేరు చెక్కిచ్చుకున్నడు. మా అవ్వ ఆ రాయి జూసినప్పుడల్ల సిగ్గువడేది."

"మరి నాయన..."

"మీ నాయన ఏ రాయి మీద పేరుంటె ఆ రాయికి మొక్కెటోడు."

ఆమె పక్కన కూర్చుని నేనూ నాలుగు గింజలు తీశాను. అరుగు మీదే, చాప కూడా లేకుండా. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

"సంతకం పెడ్త," అంది అత్త. "ఆ చెరువుల నాకు వచ్చేది లేదు, పోయేది లేదు. కాని ఒక మాట. గడీ ఎన్నేండ్లు పట్టుకోని కూసుంటవ్? అడిగినప్పుడల్ల వంశం, వంశం అంటవ్. ఆ ఇంట్ల నా పాలు నాకియ్యి. నా మోకాళ్లు జూపిచ్చుకోనీకి కొడుకు దిక్కు చూడాల్నా?"

"గడీ అమ్మితె ఊళ్లె ఏమంటరు అత్తా?"

"పావురాలు ఎటు వోయినయ్ అంటరు. కాయితం ఏడుందో చెప్పు, కండ్లద్దాలు తెచ్చుకుంట."

తిరుగు ప్రయాణంలో బస్సులో చోటు లేక చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా నిలబడే వచ్చాను. ఈసారి అందులో గౌరవం ఏమీ కనబడలేదు. ఒక పక్క చెరువు, ఒక పక్క గడీ. చెరువు మాది కాదు, కాబట్టి దాన్ని వదులుకోవడానికి నాకు అధికారం లేదు. గడీ మాది, కాబట్టి దాన్నే వదులుకోవాలి. ఇంత తేలికైన లెక్క అర్థం కావడానికి నాకు ఆరు ఊళ్ల బస్‌స్టాపులు పట్టాయి.

రెండో విచారణలో కాగితం నేనే చదివాను. గుర్రం లేదు, ఏడు ఊళ్లు లేవు. 'ఈ చెరువును మా పూర్వీకులు తవ్వించలేదు. తెగిన కట్టను ఊరివాళ్లు వెట్టికి మట్టి మోసి నిలబెట్టారు. దీని మీద మా కుటుంబానికి ఏ హక్కూ లేదు.' వెట్టి అనే మాట దగ్గర నా గొంతు నిజంగానే సవరించుకోవలసి వచ్చింది. అధికారి సర్కారు చెరువుగా రాసుకున్నాడు. వకీలు ఈసారి నమస్కారం పెట్టలేదు.

బర్రెల ఆమె బయట నన్ను ఆపింది. "మంచిగ జదివినవ్ దొరా. జర గట్టిగ జదివితె ఎన్కకు కూడ ఇనవడేది."

కొన్నాళ్లకు కంపెనీ తన దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అత్త అడిగినట్టే గడీనీ దాని ముందున్న జాగానూ ఆ ఏడాదే అమ్మేసి, ఆమె పాలు ఆమెకు ఇచ్చేశాను. టేకు దూలాలూ దర్వాజలూ విడిగా పోయాయి. వాటిని జన్వాడ దగ్గర ఫామ్‌హౌస్ కట్టుకుంటున్న ఒకాయన కొన్నాడు.