మార్తమ్మ సిస్టర్ కుడికాలు

మొన్న మెట్రో స్టేషన్లో మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఆ చప్పుడు వినిపించింది. ఒక అడుగు మామూలుగా పడుతోంది. రెండోది చెప్పుతో నేలను కొట్టినట్టు టప్పుమంటోంది. తిరిగి చూస్తే ఎవరో పెద్దాయన, పాదం పైకి లేవక మోకాలు ఎత్తెత్తి అడుగు వేస్తున్నాడు. ఆయన దాటిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నా చెయ్యి నాకు తెలీకుండానే నా తుంటి మీదికి పోతుంది. మార్తమ్మ సిస్టర్ నడక అది.

తొంభైల్లో భీమవరం అవతలి పల్లె నుంచి నర్సింగు చదవడానికి ఢిల్లీ వచ్చాను. మాకు ఎముకలు, కీళ్లు, కండరాలు చెప్పింది ఆవిడే. వాళ్లది నరసాపురం. పాఠం ఇంగ్లీషులో, తిట్లు హిందీలో. నాకొక్కదానికే ప్రత్యేకంగా తెలుగులో తిట్లు. ఆవిడ ఎడమకాలి పిక్క సన్నగా, ఎండిపోయినట్టు ఉండేది. పోలియో అని మాకు మేమే తేల్చేసుకున్నాం. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఆవిడ దగ్గర పాత చీరతో కుట్టిన సంచి ఒకటి ఉండేది. అందులో నిజం ఎముకలు. కళ్లు మూసుకుని, సంచిలో చెయ్యి పెట్టి, తడిమి చెప్పాలి. మొదటిరోజు నా చేతికి పొడుగాటిదొకటి తగిలింది. "తొడ ఎముక, సిస్టర్!" అని అరిచాను.

"అది సగం బయటికే కనబడుతోందమ్మా, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్తాడు. ఎడమదా, కుడిదా?"

నేను ఎముకని సంచిలోనే అటూ ఇటూ తిప్పాను. క్లాసంతా ఒకటే నవ్వు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా వేళ్లు పట్టుకుని, ఆ ఎముక పైకొసన ఉన్న గుండ్రటి తల మీద పెట్టి, అది తుంటి గిన్నెలో ఎటు తిరిగి కూర్చుంటుందో తడిమించింది. "పేషెంటు ఎముకలు కూడా సంచిలోనే ఉంటాయి సునీతా. నువ్వు చర్మం విప్పి చూడవు కదా. ఎముక దొరికితేనే కండ ఎక్కడో తెలుస్తుంది, కండ తెలిస్తేనే నరం ఎక్కడో తెలుస్తుంది. చేతికి ఎముక దొరికేదాకా సూది బయటికి రాకూడదు," అంది. అబ్బ, ఎన్నిసార్లు చెప్పేదో! ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేదాన్ని.

అప్పటికి మేము సూదులు వేసింది బత్తాయి పళ్లకే. అయినా నా పొగరు నాది. ఆదివారం ప్రార్థన అయ్యాక కంటోన్మెంటు క్వార్టర్స్‌లో మా ఊరి విజయా ఆంటీ వాళ్లింటికి వెళ్లేదాన్ని. అంకుల్ మిలిటరీలో హవల్దారు. హాస్టల్ రాజ్మాతో నాలుక చచ్చిపోయినదానికి ఆవిడ పప్పుచారు ప్రాణం పోసేది. ఆ ఆదివారం వాళ్ల నాలుగేళ్ల బబ్లూకి జ్వరం. డాక్టరు అయిదు రోజుల సూదులు రాశాడు. "ఇంట్లోకే మన నర్సమ్మ వచ్చాక మళ్లీ ఆసుపత్రికి ఎందుకే? నువ్వే వేసెయ్," అంది ఆంటీ. నర్సమ్మ! ఆ మాటకి నేను నేల మీద లేను. వాడిని బోర్లా పడుకోబెట్టి వేసేశాను. వాడు కేక పెట్టాడు. నేను ఇంకో రెండు గరిటెల పప్పుచారు పోయించుకున్నాను.

మర్నాడు క్లాసులో సిస్టర్‌కి గొప్పగా చెప్పాను.

"ఎక్కడ వేశావు?"

"కంటోన్మెంటులో, సిస్టర్."

"ఒంట్లో ఎక్కడే?"

వెనక్కి తిరిగి, పిరుదు నట్టనడుమ వేలు పెట్టి చూపించాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో చాక్‌పీసు కింద పడింది. క్లాసుని అలాగే వదిలేసి, నా మణికట్టు పట్టుకుని, గేటు బయట ఆటో ఎక్కించింది. "భయ్యా, జల్దీ," అనడమే. దారిలో ఒక్కసారి మాత్రం అడిగింది, "సూది గుచ్చగానే వాడి కాలు ఎగిరిందా?" అని. నేను చూడలేదు. ఆ మాట చెప్పకుండా ఆటో బయటికి తల తిప్పుకున్నాను.

తలుపు తీస్తూనే ఆంటీ, "మంచి టైముకి వచ్చారు. పొద్దున్నుంచీ మంచం దిగడు, కాలు నొప్పంటాడు," అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పసివాడి కాలు తీసేశాను దేవుడా అనుకున్నాను. సిస్టర్ నేల మీద మోకరిల్లింది. ఆవిడకి అదెంత కష్టమో అప్పుడు చూశాను. వాడి పాదం అరచేతిలో పెట్టుకుని, "బేటా, వేళ్లు పైకి ఎత్తు," అంది.

"నహీఁ."

"నా చెయ్యి తన్ను మరి. గట్టిగా."

వాడు కదల్లేదు. నేను ఆ పాదం వంకే చూస్తున్నాను. "ఔర్ సూయీ నహీఁ?" అన్నాడు వాడు, ఇంక సూది లేదు కదా అని, బిక్కమొహంతో. ఇవాళ లేదని సిస్టర్ ఒట్టు పెట్టింది. అప్పుడు వేళ్లన్నీ పైకి లేపి, ఫట్‌మని తన్నాడు! మడమల మీద నడవమంటే గదంతా నడిచి చూపించాడు. సూదికి భయపడి మంచం దిగలేదు వెధవ. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. మిగతా సూదులు ఆసుపత్రిలోనే, అదీ తొడకి బయటివైపు వేయించమని సిస్టర్ ఆంటీకి గట్టిగా చెప్పింది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ ఎడమకాలు చాపుకుని, "ఇది పోలియో కాదు సునీతా," అంది. "నాకూ నాలుగేళ్లే. జ్వరం. ఇంట్లోనే నర్సుండగా ఆసుపత్రి ఎందుకన్నారు. సరిగ్గా నువ్వు వేలు పెట్టిన చోటే వేసింది."

"ఎవరు, సిస్టర్?"

"మా అమ్మ."

పోలియో అని చెప్పే పెంచిందట వాళ్లమ్మ. నర్సింగు మొదటి ఏడాదిలో ఎవరో టీచరు పిరుదు కింద నుంచి కాల్లోకి దిగే పెద్ద నరం గురించి చెప్తుంటే, బల్ల మీద తుంటి ఎముక పట్టుకుని కూర్చున్న ఈవిడకి అంతా తెలిసిపోయింది.

"అడిగారా అమ్మని?"

"ఎలా అడుగుతానే? నా కాలికి ఆవిడ రాత్రీ పగలూ నూనె రాసిన చేతులు నేను చూశాను. నాకు తెలుసని తెలీకుండానే పోయింది."

ఆ తర్వాత మూడు నెలలు నన్ను సూది ముట్టుకోనివ్వలేదు. సంచి, నేను, అంతే. ఎడమా కుడీ పొరపడని రోజొచ్చాక డ్రెస్సింగు గదికి పిలిచింది. బల్ల మీద బి కాంప్లెక్సు మందు, సిరంజి. ఎవరికని అడిగితే, "నాకే," అంది. చచ్చుబడ్డ కాలివైపే కదా అనుకున్నాను, ఇంకా పాడవడానికి ఏముందని. ఆవిడ మంచం మీద బోర్లా పడుకుని, కుడివైపు చీర జరిపింది. "వద్దు సిస్టర్, ఎడమవైపు వేస్తాను," అని బతిమాలాను.

"ఎడమవైపైతే నువ్వేం జాగ్రత్త పడతావు? ఎముక వెతుక్కో."

వెతికాను. తుంటి ఎముక అంచు దొరికింది, దాని వెంబడే పైకి, బయటివైపుకి జరిగాను. సూది దిగింది. ఆవిడ లేచి చీర సర్దుకుని, నా ముందే గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. నేను కుడికాలి చప్పుడొక్కటే వింటూ నిలబడ్డాను. అది మామూలుగానే పడింది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను నోయిడాలో నర్సింగు పిల్లలకి ఇదే పాఠం చెప్తున్నాను. వాళ్లలో ఎవరు మొదటి సూది వేయాలన్నా నాకే వేయాలి. బోర్లా పడుకుని, కుడివైపే చూపిస్తాను.